పెచ్చులూడిన చోట కొలువు: సూరత్‌లో కాంక్రీటు మరమ్మతు కెరీర్

2025 ఫిబ్రవరి చివర్లో సూరత్ రింగ్ రోడ్డులోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్‌లో మంటలు రేగాయి. వందల దుకాణాలు దెబ్బతిన్నాయి. ఇంత పెద్ద అగ్నిప్రమాదం జరిగినప్పుడు సరుకు నష్టం లెక్క ఎలాగూ తేలుతుంది. తేలనిది మరొకటి ఉంటుంది. కాలిన ఆ పిల్లర్లు, బీములు, స్లాబులు ఇక బరువు మోస్తాయా? ఎంత మేర కొట్టేయాలి, ఎంత ఉంచాలి?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లూ, చెడిన కాంక్రీటును తీసేసి కొత్తది పెట్టేవాళ్లూ కలిసి నడిపే రంగం పేరు కాంక్రీటు రిపేర్ అండ్ రిహాబిలిటేషన్. కొత్త టవర్లు కట్టే పనికున్న పేరు దీనికి లేదు. కాలేజీల్లో చాలాచోట్ల ఇది ఒక ఎలక్టివ్ సబ్జెక్టుగా వచ్చి పోతుంది. అయితే కట్టిన ప్రతి మార్కెట్టూ, మిల్లూ, పార్కింగ్ అంతస్తూ ఏదో ఒకనాడు ఈ పనివాళ్ల కోసం కబురు పెట్టక తప్పదు. ఐటీఐ చదివిన కుర్రాడి నుంచి ఎంటెక్ ఇంజనీరు వరకు ఇందులో చోటుంది. పోటీ మాత్రం మిగతా సివిల్ రంగాలంత లేదు.

తెలుగువారికి కొత్త ఊరేం కాదు

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల కిందటే మగ్గాల పని వెతుక్కుంటూ సూరత్ చేరాయి. లింబాయత్, ఉధనా వైపు పవర్‌లూమ్ షెడ్లలో తెలుగు మాట వినిపిస్తుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సూరత్ మీదుగా అహ్మదాబాద్ చేరవచ్చు. ఇన్నాళ్లూ ఈ దారిలో వెళ్లినవారి చూపు మగ్గం మీదే ఉండేది. ఇప్పుడు ఆ మగ్గాలు నిలబడ్డ గచ్చు మీదికి, వాటిని మోస్తున్న స్లాబు మీదికి కూడా కొందరి చూపు మళ్లాల్సిన సమయం వచ్చింది.

నగరంలో కొత్త కట్టడాలకు కొదవ లేదు. 2023 డిసెంబరు 17న ఖజోద్‌లో ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్ 67 లక్షల చదరపు అడుగుల కార్యాలయ సముదాయం. మరోపక్క రింగ్ రోడ్డులో దశాబ్దాల నాటి మార్కెట్లున్నాయి. పాండేసరా, సచిన్ పారిశ్రామిక వాడల్లో పగలూ రాత్రీ నడిచే మిల్లులున్నాయి. వయసు తక్కువైనంత మాత్రాన భవనానికి భరోసా లేదని 2024 జులై 6న సచిన్ దగ్గరి పాలి గ్రామంలో తేలిపోయింది. అక్కడ కూలిన ఆరంతస్తుల నివాస భవనం వయసు పదేళ్లు కూడా లేదు. ఏడుగురు చనిపోయారు. వానాకాలం ముందు శిథిల భవనాలకు కార్పొరేషన్ నోటీసులిస్తుంది. బాగుచేయించుకోండి, లేదా ఖాళీ చేయండి అంటుంది. ఆ కాగితం అందుకున్న యజమాని స్ట్రక్చరల్ ఇంజనీరును వెతకడంతో ఈ వృత్తిలో పని మొదలవుతుంది.

కాంక్రీటు లోపల ఏం జరుగుతుంది

ఈ రంగంలోకి వచ్చేవారు ముందు నేర్వాల్సింది జబ్బు లక్షణాలు. మంచి కాంక్రీటు పీహెచ్ 12.5కు అటూ ఇటూగా ఉంటుంది. ఆ క్షారగుణం వల్ల ఇనుప ఊచ మీద కంటికి కనబడని రక్షణ పొర నిలుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకితే (దీన్నే కార్బొనేషన్ అంటారు) పీహెచ్ 9 దిగువకు పడుతుంది, పొర పోతుంది, ఊచ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. చోటు దొరక్క కాంక్రీటును బయటికి నెడుతుంది. స్లాబు అడుగున పెచ్చులూడటానికి ఎక్కువగా ఇదే కారణం.

సూరత్‌లో దీనికి మరికొన్ని తోడవుతాయి. హజీరా వైపు సముద్రపు ఉప్పుగాలి ఉంది. ఉప్పులోని క్లోరైడ్, పీహెచ్ తగ్గకపోయినా ఊచను తినేయగలదు. అందుకే ఐఎస్ 456 ప్రమాణం తీర గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవర్ అడుగుతుంది. సాధారణ పరిస్థితుల్లో అయితే 20 చాలు. అద్దకం మిల్లుల్లో ఆమ్లాలు, లవణాలు, వేడినీళ్లు గచ్చు మీద పడుతూనే ఉంటాయి. లూమ్ షెడ్లలో అదురు ఆగదు. 2006 ఆగస్టులో తాపీ నది వరదకు నగరంలో ఎక్కువ భాగం మునిగింది. అప్పుడు సెల్లార్లు ఎంతకాలం నీళ్లలో నానాయన్నది పాత భవనాన్ని పరీక్షించే ఇంజనీరు అడిగి తెలుసుకోవాల్సిన సంగతే.

అగ్ని చేసే హాని వేరు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలా రకాల కాంక్రీటు గులాబీ ఛాయకు మారుతుంది. బలం తగ్గడం మొదలైందనడానికి అది గుర్తు. విచిత్రమేమిటంటే ఇంకో పరీక్షలో అదే రంగు శుభసూచకం. అప్పుడే కొట్టిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లినప్పుడు గులాబీ రంగు వస్తే క్షారగుణం నిలిచి ఉందని, రంగు రాకపోతే కార్బొనేషన్ అక్కడిదాకా పాకిందని అర్థం. రంగు చూసినవాడు ఏ పరీక్షలో చూశాడో కూడా చెప్పగలగాలి.

ఎంతదాకా కొట్టాలి?

ఈ వృత్తి విలువంతా ఈ ప్రశ్నలోనే ఉంది. కొత్త మెటీరియల్ పూయడం కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. పాతది ఎక్కడ ఆపాలో తెలియడానికి ఏళ్లు పడుతుంది.

ముందు సుత్తితో కొట్టి వింటారు. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, పొర విడిపోయినది గుల్లగా మోగుతుంది. గుల్ల తేలినంత మేర చాక్‌పీస్‌తో గీస్తారు. తర్వాత అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ, రీబౌండ్ హామర్ పరీక్షలు చేస్తారు. ఊచల తుప్పు అవకాశం అంచనా వేయడానికి హాఫ్‌సెల్ పొటెన్షియల్ చూస్తారు. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినప్పుడు రీడింగ్ మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే తుప్పు నడుస్తున్న అవకాశం 90 శాతం పైమాటే. అనుమానం తీరకపోతే కోర్ తీసి ల్యాబ్‌కు పంపుతారు.

కొట్టే ముందు జాకీలు, ప్రాప్‌లు నిలబెట్టి బరువు దించాలి. ఇది మరిచినచోట మరమ్మతే ప్రమాదమవుతుంది. తర్వాత చాక్ గీత వెంబడి కట్టర్‌తో నిలువు అంచు కోస్తారు. అంచు పలుచగా జారిపోతే కొత్త మోర్టార్ అక్కడి నుంచే లేచిపోతుంది. తుప్పు పట్టిన ఊచ కనిపిస్తే దాని వెనక దాదాపు 20 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేదాకా చెక్కుతారు, తుప్పు లేని ఊచ కనబడేదాకా ముందుకు వెళ్తారు. ఇక్కడ పెద్ద బ్రేకర్ వాడితే పని తొందరగా అయినట్టే ఉంటుంది కానీ, మిగిలిన మంచి కాంక్రీటులోనూ సన్నటి పగుళ్లు పుడతాయి. అనుభవజ్ఞుడైన మేస్త్రీ చివరి పొరకు వచ్చేసరికి చిన్న చిప్పింగ్ హామర్ అందుకుంటాడు.

ఆపైన ఊచలను వైర్ బ్రష్‌తోనో ఇసుక బ్లాస్టింగ్‌తోనో తోమి, జింక్ ప్రైమర్ పూస్తారు. ఊచ బాగా సన్నబడి ఉంటే ఇంజనీరు చెప్పిన కొలతకు కొత్తది జోడిస్తారు. పాత కాంక్రీటును తడిపి, పైన నీళ్లు నిలవకుండా చూసి, పాలిమర్ మోర్టార్‌ను పొరలుగా పెడతారు. లోతు ఎక్కువైతే సెంట్రింగ్ కట్టి మైక్రో కాంక్రీటు పోస్తారు. ఆఖరున క్యూరింగ్. నీళ్లు సరిగా పట్టని ప్యాచ్ కొన్ని నెలల్లోనే విడిపోవచ్చు.

క్లోరైడ్ ఇంకిన భవనంలో ఇంకో చిక్కుంది. గుల్ల అయినంత వరకే కొట్టి కొత్తది నింపితే, ప్యాచ్ చుట్టూ మిగిలిన పాత కాంక్రీటులో ఊచ మునుపటి కంటే వేగంగా తుప్పు పట్టవచ్చు. రెండేళ్లకు సరిగ్గా ప్యాచ్ అంచునే కొత్త పగులు వస్తుంది. యజమాని మెటీరియల్‌ను తిడతాడు. తప్పు మెటీరియల్‌ది కాదు, చాక్ గీతది. అందుకే క్లోరైడ్ ఎంత దూరం పాకిందో ముందే పరీక్షించి, అవసరమైతే బాగానే కనిపిస్తున్న కాంక్రీటునూ తీయిస్తారు, లేదా ప్యాచ్‌లో జింక్ యానోడ్లు అమరుస్తారు.

ఒక్కోసారి జవాబు మరమ్మతు కానే కాదు. 2023 జనవరి 19న సికింద్రాబాద్ నల్లగుట్టలో వాణిజ్య భవనం కాలినప్పుడు వరంగల్ ఎన్ఐటీ నిపుణులు పరిశీలించారు. ఆ తర్వాత జీహెచ్ఎంసీ దాన్ని కూల్పించింది. అమరావతిలో ఏళ్ల తరబడి నీళ్లలో ఉండిపోయిన సచివాలయ టవర్ల పునాదులను 2024లో ఐఐటీ మద్రాస్ నిపుణులు పరీక్షించడానికి వచ్చిందీ ఇలాంటి నిర్ణయం కోసమే.

దుకాణం మూయకుండా

ఇంటి మరమ్మతుకు, మార్కెట్ మరమ్మతుకు పెద్ద తేడా సమయం. వ్యాపారి ఒక్కరోజు షట్టర్ దించినా నష్టమే. కాబట్టి బ్రేకర్ పని రాత్రిపూట పెట్టుకుంటారు. దుమ్ము సరుకు మీద పడకుండా షీట్లు కడతారు. పార్కింగ్ స్లాబును భాగాలుగా విడదీసి, ఒకటి తెరిచాకే రెండోది మూస్తారు. లోడింగ్ బే లాంటి చోట త్వరగా గట్టిపడే మెటీరియల్ ఎంచుకుంటారు. ఈ షెడ్యూల్ కాగితం మీద వేసి, మార్కెట్ అసోసియేషన్‌ను ఒప్పించగల సైట్ ఇంజనీరుకు గిరాకీ ఎక్కువ. సైట్‌లో హిందీ సరిపోతుంది, యజమానుల దగ్గర గుజరాతీ పనికొస్తుంది. సూరత్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు ఈ రెండూ వచ్చి ఉండటం చిన్న అనుకూలత కాదు.

చదువు ఏదైతే మెట్టు అది

పదో తరగతి, ఐటీఐ: చిప్పింగ్, కోర్ కటింగ్, సెంట్రింగ్, మెటీరియల్ అప్లికేటర్ పనులతో మొదలవుతుంది. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ వృత్తుల్లో శిక్షణ ఇస్తుంది. ఎల్ అండ్ టీ నిర్మాణ నైపుణ్య శిక్షణ కేంద్రాలు జడ్చర్లలో, అహ్మదాబాద్‌లో ఉన్నాయి. తాపీ, బార్ బెండింగ్ నేర్చుకున్నాక రిపేర్ కాంట్రాక్టరు దగ్గర చేరితే పని త్వరగా పట్టుబడుతుంది.

డిప్లొమా: పాలిసెట్ రాసి సివిల్ చేసినవారు పరీక్షల టెక్నీషియన్, సూపర్‌వైజర్, బిల్లింగ్ ఉద్యోగాలకు వెళ్లవచ్చు. ఇక్కడ బిల్లింగ్ ఒక ప్రత్యేక విద్య. కొట్టకముందు పరిమాణం ఎవరికీ పూర్తిగా తెలియదు. రోజూ కొట్టిన విస్తీర్ణం, లోతు, వాడిన బస్తాలు ఫొటోలతో సహా రాసుకోకపోతే చివర్లో తగాదా ఖాయం.

బీటెక్, ఎంటెక్: గేట్ ద్వారా స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదివినవారు కన్సల్టెన్సీలకు వెళ్తారు. సూరత్‌లోనే 1961లో ఆరంభమైన సర్దార్ వల్లభ్‌భాయ్ ఎన్ఐటీ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. ఉన్న భవనాలను భూకంపానికి బలపరిచే పద్ధతి చెప్పే ఐఎస్ 15988, సీపీడబ్ల్యూడీ 2002లో తెచ్చిన మరమ్మతుల హ్యాండ్‌బుక్ ఇంటర్వ్యూకు ముందు చదవాల్సినవి. ఐఐటీ మద్రాస్ ఆచార్యులు రాధాకృష్ణ జి. పిళ్లై కాంక్రీటు కట్టడాల నిర్వహణ, మరమ్మతుల మీద చెప్పిన కోర్సు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా చూడవచ్చు.

సేల్స్ మీద ఆసక్తి ఉన్నవారికి ఫోస్రాక్, సికా, పిడిలైట్ లాంటి నిర్మాణ రసాయనాల కంపెనీల్లో టెక్నికల్ సేల్స్ దారి ఉంది. సైట్‌కు వెళ్లి ఏ మెటీరియల్ ఎందుకో చెప్పడం అందులో పెద్ద భాగం.

మాస్కు దగ్గర బేరం ఆడకూడదు

కాంక్రీటు చెక్కితే లేచే దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది. ఏళ్లపాటు పీలిస్తే ఊపిరితిత్తులకు సిలికోసిస్ పట్టుకుంటుంది. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ముఖానికి రుమాలు కట్టుకోవడం రక్షణ కాదు. నీళ్లు చల్లుతూ కోయడం, దుమ్ము లాగే వాక్యూమ్, ముఖానికి సరిగా అమరే ఎన్95 లేదా అంతకు మించిన మాస్కు కావాలి. బ్రేకర్ అదురుకు చేతులు తిమ్మిరెక్కకుండా మనుషులను మార్చుతూ ఉండాలి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్లవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. వలస వెళ్లినవాళ్లు పనిచేస్తున్న రాష్ట్రంలో ఆ కార్డు తీసుకోవడం మేలు.

ఎప్పుడు, ఎలా అడగాలి

బయటి గోడలు, పైకప్పుల పని వానలు పడకముందే ముగించాలి కాబట్టి ఫిబ్రవరి నుంచి మే వరకు కాంట్రాక్టర్లకు మనుషుల అవసరం ఎక్కువ. జనవరికి బయోడేటా సిద్ధం చేసుకున్నవారికి అది మంచి అదను. అందులో మార్కుల జాబితాతో పాటు ఒక చిన్న సర్వే నివేదిక జత చేస్తే నలుగురిలో కనబడతారు. సొంత కాలేజీ పార్కింగ్ అయినా, ఊళ్లోని పాత షాపింగ్ కాంప్లెక్స్ అయినా సరే. అనుమతి తీసుకుని, పగుళ్ల వెడల్పు కొలిచి, గుల్లగా మోగిన చోట్లు ప్లాన్ మీద గుర్తించి, ఫొటోలు పెట్టి, కారణం ఏమై ఉండొచ్చో రెండు పేజీల్లో రాస్తే చాలు. ఇంటర్వ్యూలో ఆ నివేదిక మీదే ప్రశ్నలు వస్తాయి. చేరేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి: జీతం నెలకా, చేసిన చదరపు మీటరుకా? రాత్రి షిఫ్టుకు అదనంగా ఎంత ఇస్తారు? మాస్కులు, హెల్మెట్లు, బీమా ఎవరి ఖర్చు?