జీతం పడుతోంది, పని లేదు!
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: నేను సింగరేణి కార్మికుణ్ని. మా బిడ్డ హైదరాబాద్‌లో ఒక పెద్ద ఐటీ కన్సల్టింగ్ కంపెనీలో చేరి ఏడాదిన్నర అయింది. నెల రోజుల నుంచి ‘బెంచ్ మీదున్న బాపూ’ అంటోంది. జీతం పడుతోందట, పని మాత్రం లేదట. పని లేకుండా ఎవరైనా జీతమిస్తారా? మా దగ్గర ఏమైనా దాస్తోందా?
– ఒక తండ్రి, భూపాలపల్లి

జవాబు: దాయడం లేదు. దాచేవాళ్లు ‘బెంచ్’ అన్న మాటే ఇంటిదాకా రానివ్వరు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరతారు, పెళ్లిచూపుల్లో కూడా ‘పెద్ద ప్రాజెక్టులో ఉన్నా’ అంటారు. మీ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. ముందు అందుకు సంతోషించండి.

ఇక అసలు సంగతి. అలాంటి కంపెనీ అమ్మే సరుకు మీ అమ్మాయి గంటలే. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న బ్యాంకుకో, బీమా సంస్థకో మనుషుల్ని ఇచ్చి, గంటకు ఇంతని బిల్లు వేస్తుంది. అందుకే శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ప్రతి ఒక్కరూ టైంషీట్ నింపాలి: ఏ ప్రాజెక్టు కోడ్ కింద ఎన్ని గంటలు అని. కోడ్ నడుస్తున్నన్నాళ్లూ మనిషి ‘బిల్లబుల్’. పని ముగిసో, క్లయింటు ఖర్చు తగ్గించుకునో ఆ కోడ్ మూతపడితే, ఇంకో కోడ్ దొరికేదాకా బెంచ్. ఆ రోజుల జీతం కంపెనీ తన జేబులోంచి ఇస్తుంది. ఎన్నాళ్లిస్తుందన్నదే ప్రశ్న.

మీకు మస్టర్ల లెక్క తెలుసు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఏడాదికి 190, ఉపరితలం వాళ్లకు 240 హాజర్లు నిండితేనే వేతన సెలవులు లెక్కకొచ్చేవి. ఐటీ పిల్లలకూ అలాంటిదే ఉంది. 2025 జూన్‌లో టీసీఎస్ పెట్టిన నిబంధన చూడండి: ఏడాదిలో 225 రోజులు బిల్లు పడాలి, బెంచ్ 35 రోజులు దాటకూడదు. కానీ మీరు డ్యూటీకొచ్చి బాయిలోకి దిగితే మస్టర్ పడుతుంది. మీ అమ్మాయి రోజూ ఆఫీసుకెళ్లి సిద్ధంగా కూర్చున్నా, క్లయింటు ‘సరే’ అంటే తప్ప పడదు. పిల్లలు నలిగిపోయేది అక్కడే. పని చేయనందుకు కాదు, పనికి పిలవనందుకు లెక్క అడుగుతారు.

భయపడాల్సిందేమీ లేదని మాత్రం చెప్పను. 2025 జూలైలో అదే టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ దెబ్బ ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్ల మీద. ఏడాదిన్నర అనుభవం, తక్కువ జీతం ఉన్న పిల్లకు ప్రాజెక్టు దొరకడం కాస్త తేలిక. అయినా ఊరికే కూర్చోకూడదు. మనుషుల్ని ప్రాజెక్టులకు సర్దే విభాగాన్ని ఆర్‌ఎంజీ అంటారు, వాళ్లకు రెండు మూడు రోజులకోసారైనా మెయిల్ పెట్టమనండి. పాత మేనేజర్‌ని సిగ్గుపడకుండా అడగమనండి. టెస్టింగనో సపోర్టనో చిన్నచూపు చూసి వచ్చిన పనిని కాదంటే, ఆ ‘కాదు’ రికార్డులోకి ఎక్కుతుంది. ‘షాడో’గా తీసుకుంటామంటే, అంటే బిల్లు లేకుండా ఇంకొకరి పక్కన పని నేర్చుకోమంటే, సరే అనమనండి. ఏ తేదీ నుంచి బిల్లింగ్ మొదలవుతుందో మాత్రం మెయిల్‌లో రాయించుకోవాలి. నోటిమాటకు విలువ లేదు.

మీరు చేయాల్సింది ఒకటే: రోజూ ఫోన్ చేసి ‘ప్రాజెక్టొచ్చిందా బిడ్డా’ అని అడగడం మానేయండి. వస్తే తనే చెబుతుంది.

మీరు అడగలేదు గానీ నేను అడుగుతాను: ఆ పిల్ల జీతం చూసి ఎక్కడైనా ప్లాటు కొన్నారా? ఆలేరు నుంచి జనగామ దాకా హైవేకి అటూ ఇటూ హద్దురాళ్లు చూస్తుంటే నాకు ఇరవై నాలుగేళ్ల పిల్లల జీతం స్లిప్పులే కనిపిస్తాయి. మొదటి ఏడాది ప్లాటు, రెండో ఏడాది కారు, మూడో ఏడాదికి మేనేజర్ ఏమన్నా నోరెత్తలేని స్థితి. ఆరు నెలల ఇంటిఖర్చు బ్యాంకులో పడేదాకా ఈఎంఐ జోలికి పోవద్దని ఈ పేజీలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మళ్లీ రాస్తున్నాను. కొనకపోయి ఉంటే ఈ బెంచ్‌ను తట్టుకోవడం మీ అమ్మాయికి పెద్ద కష్టం కాదు.

ప్రశ్న: సర్వీసెస్ కంపెనీలో ఆఫర్ వచ్చింది. చేరాలా, ప్రొడక్ట్ కంపెనీ కోసం ఆగాలా?
– బీటెక్ చివరి ఏడాది, జనగామ

జవాబు: చేరండి, జీతం తీసుకుంటూ ఎదురుచూడండి.

ప్రశ్న: 2023లో బీటెక్ అయింది. అమీర్‌పేటలో కోర్సు చేశాను. లక్షన్నర కడితే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలిస్తామని, ఇంటర్వ్యూలో ప్రాక్సీని, అంటే నా బదులు మాట్లాడే మనిషిని కూడా పెడతామని ఒక కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. మా సీనియర్లు కొందరు ఇలాగే చేరారు. నాన్న మిర్చి అమ్మిన డబ్బులు చేతిలో ఉన్నాయి. కట్టేయమంటారా?
– మహబూబాబాద్ యువకుడు

జవాబు: వద్దు. నీతి సంగతి మీ అమ్మానాన్న చెబుతారు, నేను లెక్క చెబుతాను.

మూడేళ్ల అనుభవమంటే ఆ మూడేళ్లూ పీఎఫ్ జమై ఉండాలి. పీఎఫ్ ఖాతాకుండే యూఏఎన్ నంబరు కొడితే ఏ సంస్థలో ఏ తేదీన చేరారు, ఏ తేదీన మానేశారు అన్నీ బయటపడతాయి. ఆ తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు, ఫారం 16 అడుగుతారు. వాళ్లిచ్చే లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు ఇవన్నీ దాటించలేవు. పైగా ఈ తనిఖీ చేరకముందే ముగియాలని లేదు. చేరాక నెలల తర్వాత కూడా పిలుస్తారు. ఎనిమిది నెలలకు పట్టుబడ్డారనుకోండి, రిలీవింగ్ లెటర్ రాదు. మీరు నిజంగా చెమటోడ్చి పనిచేసిన ఆ ఎనిమిది నెలలు కూడా రెజ్యూమెలో రాసుకోలేరు. అబద్ధపు మూడేళ్లకు నిజమైన ఎనిమిది నెలలూ పోతాయి. సీనియర్లలో చేరినవాళ్ల పేర్లే మీకు వినిపిస్తాయి, బయటికొచ్చినవాళ్లు ఎవరికీ చెప్పుకోరు.

ఈ దందా నిన్న మొన్నటిది కాదు. శ్యాంగ్ బ్యావో అనే చైనా మానవశాస్త్రవేత్త 2000 ప్రాంతంలో హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ మన తెలుగు ఐటీ కుర్రాళ్ల మధ్య తిరిగి, చూసినదంతా ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అన్న పుస్తకంగా 2007లో అచ్చువేయించాడు. పంట మీద మిగిలిన డబ్బు, కట్నం డబ్బు కోచింగులకూ ఏజెంట్లకూ ఎలా చేరేదో అందులో ఉంది. పైదేశం వాడు వచ్చి చదివి వెళ్లిన పాఠం, మనం ఇంకా ఫీజు కట్టి నేర్చుకుంటున్నాం.

మిర్చి డబ్బు నాన్నకే ఉంచండి. జీతం తక్కువైనా పీఎఫ్ కట్టే చిన్న కంపెనీలో ఏడాది పని చేయండి. ప్రభుత్వ సంస్థ టాస్క్ నడిపే శిక్షణల గురించి అడిగి తెలుసుకోండి. ఒక ఏడాది నిజం అనుభవం చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో ఎదురు ప్రశ్న పడ్డప్పుడు నోరు తడారిపోదు.

ప్రశ్న: రెండేళ్ల బాండు, మధ్యలో మానేస్తే రూ.2 లక్షలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వాలట. సంతకం పెట్టొచ్చా?
– పరకాల రోడ్డు, భూపాలపల్లి

జవాబు: ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులివ్వండి, చేతికి మాత్రం ఇవ్వకండి. ఇవ్వాల్సిందేనంటే ఆ కంపెనీయే వద్దు. బాండు సంగతి వేరు. ‘కోర్టులో చెల్లవులే’ అని హాస్టల్లో చెప్పేది నమ్మకండి. మూడేళ్లలోపు మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అది ప్రభుత్వ బ్యాంకు, పరీక్ష పెట్టి నియామకాలు జరిపిన సంస్థ. మీ కంపెనీ ఇచ్చే శిక్షణ నాలుగు వీడియోలే అయితే కథ మారుతుంది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో రాసిన అంకె పైపరిమితి మాత్రమే, దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. కాబట్టి శిక్షణ ఎన్ని వారాలు, ఆ రోజుల్లో జీతం ఎంత, వాళ్లే తీసేస్తే బాండు ఏమవుతుంది అన్నవి అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే సంతకం.

ప్రశ్న: అబ్బాయి అమెరికాలో హెచ్-1బీ మీద కన్సల్టింగ్ కంపెనీలో ఉన్నాడు. లక్ష డాలర్ల ఫీజు అంటున్నారు కదా, సంబంధం ఖాయం చేసుకోవచ్చా?
– ఆడపిల్ల తల్లి, జనగామ

జవాబు: ఆ ఫీజు 2025 సెప్టెంబరు 21 తర్వాత వేసే కొత్త దరఖాస్తులకమ్మా, ఇప్పటికే ఆ వీసా మీద అక్కడే ఉండి పొడిగించుకునేవాళ్లకు కాదు. మీరు అడగాల్సింది వేరు. జీతమిచ్చేది ఎవరు, పని చేయించుకునేది ఎవరు, మధ్యలో ఎంతమంది వెండర్లున్నారు? హెచ్-1బీ ఉద్యోగికి బెంచ్ మీద ఉన్నా జీతమివ్వాలని అక్కడి చట్టం. అబ్బాయి చివరి మూడు నెలల పే స్లిప్పులు చూడండి. ఒక నెల ఖాళీ కనిపిస్తే జాతకం పక్కన పెట్టి దాని గురించి అడగండి. ఇంటికెంత ఈఎంఐ కడుతున్నాడో కూడా.

ప్రశ్న: రాత్రి తొమ్మిదిన్నర దాకా కాల్స్. అత్తమ్మ ‘ఇదేం ఆఫీసు’ అంటోంది. ఏం చెప్పాలి?
– ఇంటి నుంచి పనిచేసే కోడలు, మహబూబాబాద్

జవాబు: న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆమెకు ఇదే చెప్పండి, అర్థమవుతుంది. అర్థం కావాల్సింది మీ మేనేజర్‌కి. రాత్రి కాల్ ఉన్న రోజు పొద్దున పదకొండుకు లాగిన్ అవుతానని మెయిల్ పెట్టండి. పన్నెండు గంటలు పనిచేసి టైంషీట్‌లో ఎనిమిదే వేస్తున్నారా? వేసినంత కాలం ఆ నాలుగు గంటలు ఎవరి లెక్కలోనూ ఉండవు. ఇక రాత్రి వంట మీ ఆయన చేయవచ్చు. ఆయనకు కాల్స్ లేవు కదా.

ప్రశ్న: వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంటున్నారు. జనగామ నుంచి రోజూ రైల్లో వెళ్లి రాగలనా? వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కుకు మార్చమని అడగనా?
– సీజన్ టికెట్ వాలా

జవాబు: మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు 2020 జనవరి 7న తెరిచారు. మీ కంపెనీకి అక్కడ ఆఫీసుంటే అడగండి, కానీ సీటు మీది కాదు, ప్రాజెక్టుది. అది మారితే మళ్లీ హైటెక్ సిటీయే. రైల్లో సికింద్రాబాద్ దాకా బాగానే ఉంటుంది, అక్కడి నుంచి రాయదుర్గం చేరడమే పెద్ద పని. ఐదు రోజులైతే ఉప్పల్‌లో గది తీసుకోండి. వరంగల్ వైపు బస్సులు అక్కడే దొరుకుతాయి, మెట్రో కూడా నేరుగా రాయదుర్గం వెళ్తుంది. శుక్రవారం టైంషీట్ కొట్టేసి బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు.