రోటరు క్రేను కట్టే పిల్లలకు

రేవులో క్రేను ఆపరేటరుగా రిటైరయ్యాక మా మనవడు నాకు స్పేస్ ఇంజనీర్స్ ఆట అలవాటు చేశాడు. ప్రాగ్‌లోని కీన్ సాఫ్ట్‌వేర్ హౌస్ తయారుచేసిన ఆట, 2013లో మొదలై 2019లో పూర్తి రూపంలో వచ్చింది. అందులో చంద్రుడి మీద క్రేన్లు కడతాను. వాడికీ వాడి స్నేహితులకీ చెప్పేవి ఇవి.

1. వేగాన్ని ఇరుసు దగ్గర కాదు, కొస దగ్గర చూడండి. పెద్ద బ్లాకు పొడవు రెండున్నర మీటర్లు. ఎనిమిది పేరిస్తే 20 మీటర్ల చేయి. రోటరు వేగం 1 ఆర్‌పీఎం పెడితేనే దాని కొస సెకనుకు రెండు మీటర్లు దాటి పోతుంది. 5 పెడితే పది మీటర్లు దాటుతుంది. నేను అర ఆర్‌పీఎం మించను. పావు చుట్టుకు 30 సెకన్లు పడుతుంది, పట్టనివ్వండి.

2. చేయి బిగించకముందే రోటరుకు కింది హద్దు, పై హద్దు డిగ్రీల్లో పెట్టేయండి.

3. ఆఫ్ చేస్తే ఆగినట్టు కాదు. నాకు ఇది బాధతో తెలిసింది. చేయి పైకెత్తడానికి రోటరును పక్కకు తిప్పి బిగించాను. కొసన ఇనుప ఖనిజం నిండిన కంటెయినరు. సగం ఎత్తుకు రాగానే కాసేపు ఆపుదామని రోటరును ఆఫ్ చేశాను. మా రేవు క్రేన్లలో కరెంటు పోతే స్ప్రింగు బ్రేకు దానంతటదే పట్టేస్తుంది. నా చేతికి ముప్పై ఏళ్ల అలవాటు అది. ఇక్కడ బ్రేకింగ్ టార్క్ సున్నాలో ఉంది. చేయి మెల్లగా వాలి, వేగమందుకుని, కింద ఉన్న రిఫైనరీని నలిపేసింది. మనవడు ఆ రోజంతా కట్టింది అది. వాడు ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు బ్రేకింగ్ టార్క్ ముందే బాగా పెంచి పెడతాను. ఆపాలంటే ఆన్‌లోనే ఉంచి వేగాన్ని సున్నా చేస్తాను, టార్కు చేతిని పట్టుకుంటుంది. ఎక్కువసేపు ఆగాలంటే రోటరుకు లాక్ వేస్తాను.

4. ఈ ఆటలోని చంద్రుడి మీద బరువు పావు వంతే. కానీ ద్రవ్యరాశి తగ్గదు, పక్కకు తిరిగే సరుకు ఊపూ తగ్గదు. ఎత్తడం తేలికైందని మురిసిపోయి తిప్పేటప్పుడు తొందరపడకండి.

5. పిస్టన్లు ఒకదాని మీద ఒకటి పెడితే వేగాలు కలుస్తాయి. మూడింటికి తలా సెకనుకు 0.1 మీటరు పెడితే కొస 0.3తో కదులుతుంది. అతుకులు పెరిగేకొద్దీ వణుకూ పెరుగుతుంది. ఆటగాళ్లు ఆ వణుకుకు క్లాంగ్ అని పేరు పెట్టుకున్నారు. మొదలైందంటే ముందు వేగం తగ్గించండి, టార్కు పెంచకండి.

6. స్టేషను మీద కట్టిన క్రేను ఒరగదు. చక్రాల బండి మీద కట్టినది ఒరుగుతుంది, దానికి వెనక ఎదురు బరువు వేయండి.

7. ఎత్తేముందు సరుకు చుట్టూ ఒకసారి నడిచి రండి. దాని సొంత లాండింగ్ గేరు నేలను పట్టుకుని ఉంటే, మీరు లాగేది చంద్రుణ్ణి.