స్మృతి సన్నగిల్లునపుడు సాధన

డెమెన్షియా సోకినదని వైద్యుడు చెప్పినపుడు గృహస్థునకు కలుగు చింతలు తెలిసినవే. ధనము, గృహకృత్యములు, బిడ్డలకు భారమగుట, నలుగురిలో నవ్వులపాలగుట అతనిని బాధించును. భక్తునకు వీనితోపాటు మరియొక భయము కలదు. అంత్యకాలమున దేనిని స్మరించుచు జీవుడు దేహమును విడుచునో దానినే పొందునని గీత ఎనిమిదవ అధ్యాయము బోధించుచున్నది. నలువది ఏండ్లు జపించిన మంత్రమే మరపునకు వచ్చినచో ఆతని గతి యేమి? ఈ ప్రశ్నను పైకి అడుగువారు అరుదు. లోలోపల కుందువారు పెక్కుమంది.

ముందుగా వ్యాధిని గూర్చి కొంత తెలిసికొనవలెను. డెమెన్షియా ఒక్క వ్యాధి పేరు కాదు. జ్ఞాపకము, భాష, నిర్ణయశక్తి క్రమముగా క్షీణించి నిత్యజీవితమునకు ఆటంకము కలుగు స్థితికి అది పేరు. దానికి కారణములలో ఆల్జీమర్స్ వ్యాధి ప్రధానమైనది. మెదడులోని రక్తనాళములు దెబ్బతినుట మరియొకటి. మనదేశమున అరువదేండ్లు నిండినవారిలో నూటికి 7.4 మంది, అనగా దాదాపు 88 లక్షలమంది, ఈ స్థితిలో ఉన్నారని 2023లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి అంచనా వేసినది. బి-12 విటమిన్ కొరత, థైరాయిడ్ గ్రంథి మాంద్యము, దీర్ఘకాలిక మనోవ్యాకులత కూడ ఇట్టి మరపునే పుట్టింపగలవు. ఇవి చికిత్సకు లొంగునవి. కనుక పరీక్షలు చేయించుకొనక, ముసలితనమున ఇది సహజమేయని ఊరకుండుట వైరాగ్యము కాదు, అశ్రద్ధ. ఆల్జీమర్స్ వ్యాధిని పూర్తిగా మాన్పు ఔషధము లేదు. కొన్ని మందులు కొంతకాలము లక్షణములను అణచియుంచును.

శాస్త్రపరిచయము కలవారు సయితము ఇచట ఒక పొరపాటు చేయుదురు. గీత రెండవ అధ్యాయమున విషయచింతన వలన ఆసక్తియు, దాని వలన కామమును, కామము వలన క్రోధమును, క్రోధము వలన సమ్మోహమును, దాని వలన స్మృతిభ్రంశమును కలుగునని చెప్పబడినది. ఈ మాటను పట్టుకొని, రోగి పూర్వము కోపిష్ఠి యగుటచేతనే నేడు మతి తప్పినదని కొందరు తీర్మానింతురు. ఇది అన్యాయము. శాస్త్రాచార్యుల ఉపదేశమువలన ఏర్పడిన సంస్కారమునుండి పుట్టు స్మృతియే అచట ఉద్దేశింపబడినదని శంకర భగవత్పాదులు భాష్యమున స్పష్టపరచిరి. ఆరోగ్యవంతుడు కోపావేశమున ధర్మమును మరచుట వేరు, మెదడులోని కణములు నశించుట వేరు.

పతంజలి స్మృతిని ఐదు చిత్తవృత్తులలో ఒకటిగా లెక్కించెను. నిద్రయు వానిలో ఒకటి. గాఢనిద్రలో పేరు, ఊరు, విద్య ఏవియు తోచకున్నను మనుష్యుడు లేకుండ పోవుట లేదు. వృత్తి అణగినను దానికి సాక్షియైనవాడు అణగడని వేదాంతము. దీనిని గ్రంథమున చదువుట సులభము, వ్యాధి నడుమ నిలుపుకొనుట కష్టము. అట్లు నిలుపుకొన్నట్లు కానవచ్చు ఒకడు మనదేశీయుడు కాడు.

అమెరికా తత్త్వవేత్త రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ గీతను ఆదరముతో చదివినవాడు. 1857లో 'బ్రహ్మ' యను కవితను ప్రకటించెను. జీవితపు తుది పదేండ్లలో ఆయన జ్ఞాపకశక్తి క్రమముగా క్షీణించెను. 1872 జూలైలో కాంకర్డ్ పట్టణమునందలి స్వగృహము అగ్నికి గురియైన పిమ్మట అది మరింత స్పష్టమాయెను. వస్తువుల పేర్లు తోచక, వానిని వర్ణించి చెప్పెడివాడు. గొడుగు పేరు తోచనపుడు, అది పరులు ఎత్తుకొనిపోవు వస్తువనెనట! అయినను ఆయన సభలను మానలేదు. కుమార్తె ఎలెన్ ప్రక్కనుండి పుటలు సరిచూచుచుండగా ఉపన్యాసములు చదివెను. 1880లో కాంకర్డ్ సభలో తన నూరవ ఉపన్యాసము నిచ్చెను. వ్రాతప్రతులను కూర్చుటకు జేమ్స్ ఇలియట్ కాబట్ అను మిత్రుని సహాయమును స్వీకరించెను. క్షేమమడిగినవారితో, తన బుద్ధిశక్తులు పోయినవి గాని తాను మాత్రము కులాసాగనే యున్నానని చెప్పెనట. 1882 మార్చిలో కవి లాంగ్‌ఫెలో అంత్యక్రియలకు వెళ్లి, ఆ చిరకాలమిత్రుని పేరు జ్ఞప్తికి రాకున్నను, ఆయన మధురమైన ఆత్మ కలవాడని పలికెనని చెప్పుదురు. మరుసటి నెలలో ఎమర్సన్ కూడ గతించెను.

పోయిన శక్తులను, మిగిలిన తన్ను వేరుగా చూచుట సాధకుడు అభ్యసించు వివేకమే. అయితే రోగులందరును ఇట్లు పలుకవలెనని కోరరాదు. ఎమర్సన్‌కు కుమార్తె తోడుండెను; గృహమును తిరిగి నిర్మించుటకు మిత్రులు ధనము కూర్చిరి. కొందరిలో ఈ వ్యాధి భయమును, అనుమానమును, క్రోధమును రేపును. అది వారి సాధనలోని లోపము కాదు.

క్రొత్త జ్ఞాపకములు ముందుగను, పాతవి తరువాతను నశించునని ఫ్రెంచి పండితుడు తియొడూల్ రిబో 1881లోనే వ్రాసెను. క్రొత్త విషయములను పదిలపరచు హిప్పోకాంపస్ అను భాగము ఆల్జీమర్స్ వ్యాధిలో తొలుత దెబ్బతినును. చేతికిని నోటికిని అలవాటైన పనులు మెదడులోని ఇతర భాగములపై ఆధారపడి హెచ్చుకాలము నిలుచును. ఉదయము తిన్న ఉప్మాను మరచిన వృద్ధురాలు, బాల్యమున తల్లి నేర్పిన స్తోత్రమును మొదటి పాదము అందించినంతనే అందుకొనుట ఇందువలననే. కాబట్టి వ్యాధినిర్ణయమైన పిదప క్రొత్త వ్రతములు, క్రొత్త గ్రంథములు మొదలిడుటకంటె, ఉన్న సాధననే స్థిరపరచుకొనుట మేలు. జపమాల ఎల్లపుడు ఒకే గూటిలోను, పూజ ఒకే వేళను, పాట ఆ పాతపాటయే ఉండవలెను. నూనెదీపమును మాత్రము ఒకరు చెంత నుండగనే వెలిగింపవలెను.

ఇక ఆ మొదటి భయము. గీత ఆ అధ్యాయముననే, సదా ఏ భావమున జీవించెనో ఆ భావమే తుదకు వచ్చునని చెప్పి, అందుచే సర్వకాలములందును స్మరింపుమనుచున్నది. తుదిక్షణము ముందు తెలియని పరీక్ష కాదు. జీవితమంతయు పెంచిన చెట్టు ఫలమే. కంచర్ల గోపన్నకును ఈ భయము కలిగెను. వ్యాధులు ముదిరి కఫము గొంతున నిండినవేళ రామస్మరణ కలుగునో లేదోయని శంకించి, ఆనాటి భజనను ముందే చేసికొనెదనని దాశరథీ శతకమున చెప్పుకొనెను. శ్రీవైష్ణవులు పఠించు వరాహచరమశ్లోకమున భగవానుని అభయము ఇంకను స్పష్టము: మనస్సు స్వస్థమైయున్నపుడు తన్ను తలచినవాడు కట్టెవలె, రాతివలె పడియున్నపుడు తానే వానిని తలచి పరమగతికి చేర్చుననుచున్నాడు. స్మరణభారము అప్పుడు భక్తునిది కాదు.

లౌకికమైన వ్యవహారములను కూడ తెలివి చక్కగానున్న దినములలోనే ముగింపవలెను. మానసిక ఆరోగ్య సంరక్షణకై 2017లో చేయబడిన చట్టము, చికిత్సను గూర్చిన తన కోరికను ముందుగా వ్రాసియుంచుకొనుటకును, తన పక్షమున నిలుచు ప్రతినిధిని నియమించుకొనుటకును హక్కునిచ్చినది. బ్యాంకు కాగితములు ఎవరికి తెలియవలెనో, మంచముపట్టిన నాడు ఏ స్తోత్రము వినగోరునో అదియు వ్రాయవచ్చును. పెద్దల సంరక్షణలో సలహా వలసినవారికి 14567 అను ఉచిత ఫోన్ సంఖ్య దేశమంతటను కలదు.

ఇంటివారు "నేనెవరో చెప్పండి" యని పదేపదే పరీక్షింపరాదు. దానివలన ఓటమి తప్ప మిగులునదేమియు లేదు. "మామయ్యగారూ, నేను మీ పెద్దకోడలిని, పూజకు వేళయైనది" అని తామే ముందుగా తెలుపుట మంచిది. స్తోత్రమున మొదటి పాదము చెప్పి కొంతసేపు ఆగవలెను. తరువాతి మాట రాకున్నచో తొందరపెట్టక, చెప్పినవారే తుదివరకు చదివి, హారతిని వారి కన్నులకు అద్దవలెను.