ప్రశ్నలు - జవాబులు: ఇంటి వైఫైకి ఫోన్‌తోనే తాళం

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ వైఫై చుట్టూనే తిరిగాయి. మహదేవపూర్, కాళేశ్వరం, పలిమెల వైపు నుంచి అడిగినవాళ్లే ఎక్కువ. నెట్ కోసం సిగ్నల్ దొరికే చోటు వెతుక్కున్న ఊళ్లలో ఇప్పుడు ఇంటి గోడకు రౌటర్ వేలాడుతోంది. మిషన్ భగీరథ పైపుల వెంట వేసిన ఫైబర్‌తో తెలంగాణ ప్రభుత్వం 2024 డిసెంబర్ 8న టీ-ఫైబర్ సేవలు ప్రారంభించింది. మొదట ఎంచుకున్న కొద్ది గ్రామాల్లో మంథని నియోజకవర్గంలోని అడవి శ్రీరాంపూర్ ఒకటి. మహదేవపూర్ మండలమూ ఆ నియోజకవర్గంలోదే. కనెక్షన్ ఇచ్చే కంపెనీ ఏదైనా, దాన్ని కాపాడుకునే పని మాత్రం ఇంటివాళ్లదే.

ప్రశ్న: మా ఇంట్లో ఫైబర్ నెట్ పెట్టించి ఏడాదైంది. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి నా ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టిపోయిండు. రాత్రి ఎనిమిది దాటితే నెట్ నడవదు. బయట మా అరుగు మీద పిల్లలు గుంపుగా కూచుని వీడియోలు చూస్తున్నరు. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్‌తోనే పాస్‌వర్డ్ మార్చుకోవచ్చా?
– ఒక కిరాణా వ్యాపారి, మహదేవపూర్

జవాబు: మార్చుకోవచ్చు. పది నిమిషాల పని, కంప్యూటర్ అవసరమే లేదు. నెట్ నెమ్మదించడానికి కారణం కూడా ఆ అరుగు మీదే ఉండి ఉండవచ్చు. ఒక హెచ్‌డీ వీడియోకు సెకనుకు సుమారు 5 మెగాబిట్లు కావాలి. 20 మెగాబిట్ల ప్లాన్ అయితే నలుగురు పిల్లలు నాలుగు వీడియోలు పెట్టగానే ఇంట్లోవాళ్లకు మిగిలేది శూన్యం.

ఫోన్ నంబరు పాస్‌వర్డ్‌గా ఎందుకు పనికిరాదో ముందు చూద్దాం. కొట్టు బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, పెళ్లి పత్రిక మీద ఉన్న నంబరు ఊరంతా తెలిసినదే. తెలియనివాళ్లకు కూడా కష్టమేమీ కాదు. ఫోన్ రౌటర్‌కు కలిసే క్షణంలో రెండింటి మధ్య నాలుగు చిన్న సందేశాలు గాలిలో నడుస్తాయి. వాటిని పట్టుకున్నవాడు మళ్లీ మీ ఇంటి దగ్గరికి రావలసిన పని లేదు. తన కంప్యూటర్ ముందు కూచుని ఒక్కో పాస్‌వర్డ్‌నూ వాటితో పోల్చి చూసుకోవచ్చు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే సెకనుకు పది లక్షల దాకా పోల్చగలడు. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్‌లు మొత్తం పది కోట్లు, అంటే వంద సెకన్లలో అన్నీ అయిపోతాయి. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి అవి నాలుగు వందల కోట్లకు మించవు. గంటా పది నిమిషాల్లోపే ఆ పని కూడా ముగుస్తుంది. పుట్టినరోజు పెట్టుకున్నవాళ్ల పాస్‌వర్డ్ ఒక సెకను కూడా నిలవదు.

ఇక మార్చే పద్ధతి. జియో, ఎయిర్‌టెల్ లాంటి పెద్ద కంపెనీల కనెక్షన్ అయితే వాటి సొంత యాప్‌లోనే వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చే వీలుంది. స్థానిక కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన కనెక్షన్ అయితే రౌటర్ లోపలి పేజీ తెరవాలి. ఫోన్‌ను మీ వైఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపేయండి. ఇది మరిచిపోతే ఫోన్ తెలివిగా మొబైల్ నెట్ వైపు మళ్లి, పేజీ తెరుచుకోక మిమ్మల్ని తికమక పెడుతుంది. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫైలోకి వెళ్లి, మీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న గుర్తు నొక్కితే వివరాలు కనిపిస్తాయి. అందులో ‘గేట్‌వే’ లేదా ‘రౌటర్’ అని ఉన్నచోట 192.168.1.1 లాంటి అంకెలుంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు బ్రౌజర్ పైన అడ్రసు గడిలో కొట్టాలి. ‘నాట్ సెక్యూర్’ అని హెచ్చరిక వచ్చినా కంగారు పడకండి. ఆ పేజీ ఇంట్లోని డబ్బాలోంచే వస్తోంది, అలా చూపించడం మామూలే.

అప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. రౌటర్‌ను తిరగేస్తే అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఆ రెండూ ఉంటాయి. లోపలికి వెళ్లాక ‘వైర్‌లెస్’ లేదా ‘డబ్ల్యూలాన్’, అందులో ‘సెక్యూరిటీ’ వెతకండి. పాస్‌వర్డ్ గడికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. ‘పాస్‌ఫ్రేజ్’ అన్నా ‘ప్రీ షేర్డ్ కీ’ అన్నా అదే. పాతది చెరిపి కొత్తది రాసి ‘అప్లై’ నొక్కగానే ఇంట్లోని ఫోన్లతో సహా అరుగు మీది ఫోన్లూ ఒక్కసారే తెగిపోతాయి. రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫైలు ఉంటే రెండింటికీ మార్చాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే మార్చనట్టే.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు పొరపాటు అదే. వైఫై పాస్‌వర్డ్ ఇంటి తలుపు తాళమైతే, రౌటర్ పేజీ పాస్‌వర్డ్ ఆ తాళంచెవి దాచిన బీరువాది. స్టిక్కర్ మీదున్న ‘అడ్మిన్’ పాస్‌వర్డ్ అలాగే ఉంటే, ఒక్కసారి వైఫైలోకి వచ్చినవాడు మీరు పెట్టిన కొత్త పాస్‌వర్డ్ చూడగలడు, మార్చగలడు, మిమ్మల్నే బయటికి నెట్టగలడు. 2016లో ‘మిరాయ్’ అనే వైరస్ ప్రపంచమంతటా లక్షల కెమెరాలను, రౌటర్లను ఎలా పట్టుకుందో తెలుసా? కంపెనీలు పెట్టిన యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌ల జతలు అరవైకి పైగా దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కటిగా కొట్టి చూసింది. కొనుక్కున్నవాళ్లు మార్చలేదు కాబట్టి తలుపులు తెరుచుకున్నాయి. అందుకని అదే పేజీలో ‘సిస్టమ్’ లేదా ‘మేనేజ్‌మెంట్’ కింద ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఆ పూటే మార్చేయండి. కొందరు ఆపరేటర్లు ఈ పేజీకి తాళం వేసి ఉంచుతారు. అప్పుడు వాళ్లను ఇంటికి పిలిపించి మార్పించుకోండి, కొత్త పాస్‌వర్డ్ మాత్రం మీ చేత్తో మీరే టైపు చేయండి.

ప్రశ్న: మంచి పాస్‌వర్డ్ పెడితే మా అమ్మకు గుర్తుండదు. గుర్తుండేది పెడితే అందరికీ తెలిసిపోతుంది. ఏం చేయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, భూపాలపల్లి

జవాబు: ఒకదానికొకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలు ఏరుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. దసలి, కుంకుడు, పంచాంగం, ముంత – ఇలా. మధ్యలో ఒక అంకె, చివర ఒక చుక్క చేర్చండి. అమ్మకు ఇట్టే గుర్తుంటుంది, కంప్యూటర్‌కు మాత్రం చుక్కలు కనిపిస్తాయి. ఇక్కడ అచ్చయిన మాటలు మాత్రం వాడకండి, సొంతంగా ఏరుకోండి. వైఫై పాస్‌వర్డ్‌కు 8 నుంచి 63 అక్షరాల దాకా చోటుంది కాబట్టి పొడుగు గురించి బెంగ వద్దు. తెలుగు లిపిలో నేరుగా రాస్తే రౌటర్ తీసుకోదు. కాళేశ్వరం, ముక్తీశ్వర, ఇంటిపేరు, పిల్లల పేర్లు, అభిమాన నటుడి పేరు – వెతికేవాడు ముందు చూసేవి అవే, వాటిని వదిలేయండి.

ప్రశ్న: కాళేశ్వరంలో మా ఇంటి మేడ మీద యాత్రికులకు గదులు ఇస్తాం. వచ్చినవాళ్లంతా ‘అన్నా, వైఫై పాస్‌వర్డ్ చెప్పు’ అంటారు. చెప్పకపోతే బాగుండదు. పుష్కరాలప్పుడు ఎంతమందికి చెప్పామో లెక్కే లేదు. ఇప్పుడు ప్రమాదమా?
– ఒక గృహిణి, కాళేశ్వరం

జవాబు: 2025 మే 15 నుంచి 26 దాకా జరిగిన సరస్వతి పుష్కరాలకు వచ్చినవాళ్ల ఫోన్లలో మీ పాస్‌వర్డ్ ఇప్పటికీ ఉంది. వాళ్లు మళ్లీ గోదావరి, ప్రాణహిత సంగమానికి వచ్చి మీ వీధిలో నిలబడితే, అడగకుండానే ఫోన్ దానంతటదే కలిసిపోతుంది. కొందరి ఫోన్లలో ‘ఉచిత వైఫై’ యాప్‌లు ఉంటాయి. అవి ఫోన్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను ఊరందరితో పంచుకోవడానికే పుట్టినవి. మీరు ఒక్కరికి చెప్పింది వందమందికి చేరేది అలాగే.

అతిథికి లేదనకుండానే ఇంటిని కాపాడుకునే మార్గం ఉంది. చాలా రౌటర్లలో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అనే వీలుంటుంది. పైన చెప్పిన పేజీలోనే దాన్ని ఆన్ చేసి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. దానిలోకి వచ్చినవాళ్లకు నెట్ దొరుకుతుంది కానీ మీ సీసీ కెమెరా, టీవీ, ఇంట్లోని ఫోన్లు కనిపించకుండా అడ్డు ఉంటుంది. ఆ అడ్డు కోసం ‘ఐసొలేషన్’ అనే గడి ఉంటే అందులో టిక్ పెట్టండి. ఖాళీ చేసి వెళ్లే యాత్రికుల వెనకే నెలకోసారి గెస్ట్ పాస్‌వర్డ్ మార్చుకుంటే చాలు, ఇంటి పాస్‌వర్డ్ జోలికి పోనక్కర్లేదు. పాస్‌వర్డ్ నోటితో చెప్పే పని కూడా లేదు. ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి ఫోన్లలో వైఫై వివరాల దగ్గర ‘షేర్’ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. గెస్ట్ నెట్‌వర్క్ కోడ్‌ను కాగితం మీద ముద్రించి గదిలో అంటించండి. ఇంటి నెట్‌వర్క్ కోడ్ మాత్రం ఎక్కడా అంటించవద్దు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి, అప్పటికి ఈ ఏర్పాటు అలవాటైపోతుంది.

ప్రశ్న: మా ఇంటాయన ‘మన దగ్గర దాచుకునేదేముంది, నలుగురు వాడుకుంటే పుణ్యమే’ అని పాస్‌వర్డే తీసేసిండు. నిజంగా నష్టమేమైనా ఉందా?
– ఒక అంగన్‌వాడీ టీచర్, కాటారం

జవాబు: ఆయన మనసు మంచిది. కానీ మీ వైఫైలోంచి ఎవరు ఏం పంపినా, పోలీసు రికార్డులో కనిపించేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే. దీనికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. పోలీసులు దాని జాడ పట్టుకుని వెళ్తే నవీ ముంబయిలోని సాన్‌పాడాలో అద్దెకుంటున్న ఒక అమెరికన్ ఇంటికి చేరారు. ఆయన వైఫైకి సరైన రక్షణ లేదు, ఎవరో దాన్ని వాడుకున్నారు. ఆయన కంప్యూటర్లు తీసుకెళ్లారు, పలుమార్లు ప్రశ్నించారు. నేరంతో సంబంధం లేదని తేలేదాకా ఆ కుటుంబం పడిన వేదన మాటల్లో చెప్పేది కాదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీ పేలుళ్లప్పుడు కూడా ఈమెయిల్ ముంబయి చెంబూర్‌లోని ఒక ఆఫీసు వైఫై నుంచే వెళ్లింది. 2009 జనవరిలో ముంబయి పోలీసులు తాళం లేని వైఫైల కోసం వీధుల్లో వెతకడం మొదలుపెట్టారు. ఆ ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై భద్రతపై ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

పక్కింటి పిల్లకు చదువు కోసం నెట్ ఇవ్వడం నిజంగా మంచి పనే. గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఆ పిల్లకు ఇవ్వండి. ఎవరికిచ్చారో మీకు తెలుస్తుంది, పుణ్యమూ నిలుస్తుంది. ఇక అడగకుండా ఒకరి నెట్‌వర్క్‌లో చొరబడటం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. మోసపు ఉద్దేశంతో చేస్తే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అరుగు మీది పిల్లలకు ఈ సంగతి ఎవరైనా మెల్లగా చెబితే బాగుంటుంది.

ప్రశ్న: సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అని నాలుగు చూపిస్తోంది. ఏది నొక్కాలి? పేరు కనిపించకుండా దాచేస్తే ఇంకా భద్రమా?
– ఒక మీసేవ నిర్వాహకుడు, మహాముత్తారం

జవాబు: 1997 నాటి డబ్ల్యూఈపీ నిమిషాల్లో విరిగిపోతుంది, దాని జోలికే వెళ్లవద్దు. డబ్ల్యూపీఏ కూడా కాలం చెల్లినదే. 2004 నుంచి ఉన్న డబ్ల్యూపీఏ2ను ‘ఏఈఎస్’తో కలిపి ఎంచుకుంటే ఇంటికి సరిపోతుంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇంకా గట్టిది. పైన చెప్పినట్టు సందేశాలు పట్టుకెళ్లి ఇంట్లో కూచుని ఊహించే పద్ధతి దాని దగ్గర సాగదు. కానీ పాత ఫోన్లు, సీసీ కెమెరాలు దానికి కలవవు. ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ అని రెండూ కలిపి ఉన్నది నొక్కండి.

పేరు దాచడం వల్ల లాభం లేదు, వెతికేవాడికి అది కనిపిస్తూనే ఉంటుంది. దానికన్నా ‘డబ్ల్యూపీఎస్’ ఆపేయండి. ఎనిమిది అంకెల పిన్‌తో పాస్‌వర్డ్ లేకుండా కలిపే ఏర్పాటు ఇది. ఆ పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుందని, గట్టిగా పదకొండు వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. పిల్లలు చూపించే ‘వైఫై హ్యాకింగ్’ యాప్‌లలో పనిచేసేవి కొన్ని ఈ సందులోంచే దూరుతాయి.

ప్రశ్న: కొత్త పాస్‌వర్డ్ మరిచిపోయాను. రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కితే సరిపోతుందని మిత్రుడు అన్నాడు. నొక్కమంటారా?
– ఒక ఉపాధ్యాయుడు, మహదేవపూర్

జవాబు: ఆగండి. ఆ రీసెట్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే పాస్‌వర్డ్‌తో పాటు ఆపరేటర్ పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు వైఫై వస్తుంది కానీ నెట్ రాదు, ఆపరేటర్ మనిషి వచ్చేదాకా ఇల్లంతా ఎదురుచూపులే. ముందు ఇంట్లో ఇంకా కలిసే ఉన్న ఫోన్ ఏదైనా ఉందేమో చూడండి. దాని వైఫై వివరాల్లో ‘షేర్’ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ కనిపిస్తుంది. అదీ లేకపోతే ఆపరేటర్ దగ్గర కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాయించుకున్నాకే రీసెట్ చేయండి.

ప్రశ్న: మా దగ్గర ఫైబర్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తోనే పిల్లలకు పాఠాలు పెడతాం. దానికీ ఇవన్నీ కావాలా?
– ఒక తండ్రి, పలిమెల

జవాబు: కావాలి. ఇక్కడ ఖర్చయ్యేది మీ రోజువారీ డేటా, చూస్తుండగానే ఒకటిన్నర జీబీ అయిపోతుంది. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ మార్చండి, సెక్యూరిటీ ‘నన్’ అని ఉంటే తీసేయండి. ఎన్ని ఫోన్లు కలవవచ్చో పరిమితి పెట్టే వీలు ఉంటే రెండుకు తగ్గించండి. ఎవరూ కలవనప్పుడు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఆన్ చేస్తే బ్యాటరీ కూడా మిగులుతుంది.

ప్రశ్న: ఎవరో మా వైఫై వాడి మోసం చేశారని అనుమానం. ఎవరికి చెప్పాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, మహదేవపూర్

జవాబు: ముందు రౌటర్ పేజీలో ‘కనెక్టెడ్ డివైసెస్’ జాబితా తెరిచి, మీకు తెలియని ఫోన్లు ఉంటే స్క్రీన్‌షాట్ తీయండి. పాస్‌వర్డ్ మార్చేది ఆ తర్వాతే. రౌటర్‌ను రీసెట్ చేయవద్దు, లోపలి రికార్డు పోతుంది. డబ్బు పోతే ఒక్క గంట కూడా ఆగకుండా 1930కు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెబితే బ్యాంకులో ఆ సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోకపోయినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ మహదేవపూర్ పోలీస్ స్టేషన్‌లో గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఎవరైనా మీ కనెక్షన్ గురించి అడిగితే, ముందే చెప్పారనడానికి ఆ కాగితమే ఆధారం.