నెక్స్ట్ నొక్కితే పాయింట్లా?

ప్రశ్న: మా కంపెనీలో సైబర్ భద్రత ఆన్‌లైన్ శిక్షణ తప్పనిసరి. కానీ అందరూ చదవకుండానే ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతున్నారు. పాయింట్లు, బ్యాడ్జీలు పెడితే మారతారా?
– హెచ్‌ఆర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: పాయింటు దేనికిస్తారన్నదే అసలు సంగతి. పేజీ తిప్పినందుకే ఇస్తే ఇంకా వేగంగా తిప్పుతారు. 2010లో మైక్రోసాఫ్ట్ ‘రిబ్బన్ హీరో’ అనే ఆట తెచ్చింది. వర్డ్‌లో, ఎక్సెల్‌లో పని స్వయంగా చేసి చూపితేనే అందులో పాయింట్లు వచ్చేవి. మీరూ ఆ దారే పట్టండి. ‘మీ జీతం పెంపు వివరాలకు ఇక్కడ నొక్కండి’ అనే దొంగ మెయిల్ ఒకటి తెర మీద పెట్టండి. పంపినవారి చిరునామాలో ఒక్క అక్షరమే తేడా ఉండాలి. తొందరపడి నొక్కినవారిని వైకుంఠపాళిలో పాము మింగినట్టు కిందికి దించండి. ఎక్కడ పొరబడ్డారో అప్పటికప్పుడే చూపించి, మళ్లీ ఆడనివ్వండి. వారం తర్వాత అలాంటిదే మరొకటి ఇవ్వండి. గుర్తు తెచ్చుకోవడానికి పడే ప్రయాసే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది.

అందరి పేర్లతో ర్యాంకుల పట్టిక మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు. అట్టడుగున తన పేరు చూసుకున్న మనిషికి నేర్చుకోవాలన్న ఆశ చచ్చిపోతుంది. పోటీ కావాలనుకుంటే టీముల మధ్య పెట్టండి.

గిఫ్ట్ కూపన్ల విషయంలోనూ జాగ్రత్త. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగంలో, పజిల్ విప్పినందుకు డబ్బు తీసుకున్న విద్యార్థులకు, ఆ డబ్బు ఆగిపోయాక పజిల్ మీద ఆసక్తి తగ్గింది. కూపన్ల బదులు, ఏదైనా పాఠం ముందే తెలిసినవారికి దాన్ని దాటవేసే వెసులుబాటు ఇవ్వండి.