ధ్రువతార యను మాట

లోకోపకారులైన పెద్దలను గూర్చి ప్రసంగించునపుడు "వీరు మనకు ధ్రువతార" యనుట మనవారికి పరిపాటి. స్తుతికొఱకు వాడు మాటయే యైనను దీని యర్థమును గొంచెము విచారించుట యావశ్యకమని తలచుచున్నాము.

ధ్రువమనగా కదలనిది, నిశ్చయమైనది. నిజమని నిర్ధారించుటను ధ్రువీకరించుట యనియు, అట్లు వ్రాసి యిచ్చు కాగితమును ధ్రువపత్రమనియు వ్యవహరించుట యీ యర్థమునుబట్టియే. తండ్రి తొడ యెక్కబోయి సవతితల్లిచే నిరాకృతుడైన బాలుడు తపస్సుచేసి చలింపని స్థానమును బొందెనని భాగవత చతుర్థస్కంధము చెప్పుచున్నది.

అయితే యీ తార మిక్కిలి వెలుగునది కాదు. దీనికంటె కాంతివంతములైన నక్షత్రములు 40కి పైగా నున్నవి. చీకటిలో నడచువానికి కాలిక్రింది ముల్లును గాని గోతిని గాని యిది చూపజాలదు. అందులకు చేతిలో దివిటీ యుండవలెను. ఇది చూపునది దిక్కొక్కటియే. నావికులు దీని నాశ్రయించుటకు కారణము ప్రకాశము కాదు, స్థానము. క్షితిజమునకు పైన నీ తార యెన్ని డిగ్రీల యెత్తున గనబడునో, చూచువాడు భూమధ్యరేఖ కుత్తరముగా రమారమి యన్ని డిగ్రీల దూరమున నున్నాడన్నమాట. మచిలీపట్టణమున నది సుమారు 16 డిగ్రీలు, కలకత్తాలో 22కు పైగా. ఆ రేఖను దాటి మిగుల దక్షిణమునకు బోయినవానికి కనబడనే కనబడదు. కాబట్టి మహాపురుషుని ధ్రువతార యని కొనియాడి తమ చేతి దివిటీ నార్పివేయువారు పోలికను తప్పుగా గ్రహించినవారు.

మఱియొక విశేషము. భూమి యక్షము మెల్లగా దిశ మార్చుకొనుచు సుమారు 26,000 ఏండ్లకొక చుట్టు చుట్టును. సుమారు 4,700 ఏండ్లక్రిందట ధ్రువస్థానమునకు చేరువగా నుండినది వేఱొక నక్షత్రము. నేటి తారయు సరిగా నచ్చట లేదు. డిగ్రీకి లోపు దూరమున నుండి దినమునకొక చిన్న వలయము దిరుగుచున్నది. కదలదని పేరుపడిన దానికే యీ గతి యుండగా, ప్రతి పాత యాచారమును "ధ్రువ" మని వాదించువారు వేఱుమాట వెదకికొనుట మేలు.

వధువునకు ధ్రువుని, అరుంధతిని రాత్రివేళ చూపవలెనని గృహ్యసూత్రముల విధి. మనలో నిది తఱచు పగలే జరుగుచున్నది. పురోహితుడు ఎండలోనికి వ్రేలు చూపును, పెండ్లికూతురు "చూచితి" నని తల యూపును. కాననిదానిని కంటినని పలికించుట యేల? చీకటి పడువఱకు నాగరాదా? వైశాఖమాసపు రాత్రి సప్తర్షులలో పులహునినుండి క్రతునిమీదుగా గీత గీచి, వారిద్దరి నడిమి దూరమున కైదింతలు క్రిందికి బోయినచో, ఉత్తరమున తాటిచెట్ల తలలకు కొంచెము పైన నొంటిగా నున్న చుక్క యదియే.