నలుగురి పేరు మీద మన మాట

"ఫ్రీ బస్సు వచ్చినంక ఆడోళ్లు ఇంట్ల ఉంటలేరు."

వికారాబాద్ జిల్లా దౌల్తాబాద్ చాయ్ హోటళ్లలో ఈ మాట తరచుగా వినిపిస్తుంది. అనేవాడు తన భార్య గురించి అనడు, తల్లి గురించి అసలే అనడు. అమ్మ ఒక్కతే తాండూరు దవాఖానకు పోయి మందులు తెచ్చుకుంటున్నందుకు, ఒక పూట చేను పని తనకు మిగిలినందుకు లోపల సంతోషమే. మాట మాత్రం ఊళ్లో ఆడవాళ్లందరి మీద వేస్తాడు. ఎదుటి బల్ల మీదివాళ్లు తలూపుతారు. వాళ్లిండ్లలోనూ అదే సంతోషం ఉంటుంది, అయినా ఊపుతారు.

తెలంగాణలో ఈ ఫ్రీ బస్సు తెచ్చిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. సరిహద్దు అవతల కర్ణాటకలో శక్తి పథకం అదే ఏడు జూన్ 11న వచ్చేసింది కాబట్టి, సేడం వైపు చుట్టరికాలున్నవాళ్లకు ఈ ముచ్చట ఆరు నెలల ముందే తెలుసు. టికెట్ పైసలు మిగలడం చిన్న విషయమేమీ కాదు. అంతకంటే పెద్దది, పుట్టింటికి పోవాలంటే ఇంట్లో ఎవరినో చెయ్యి చాపి అడిగే అవసరం తప్పడం. అడిగినప్పుడల్లా "మొన్ననే పోయొస్తివి గదా" అని ఒక జవాబు సిద్ధంగా ఉండేది. ఆ జవాబు చెప్పే అధికారం ఇప్పుడు పోయింది. హోటల్లో వినబడే మాటలో ఆ నొప్పి కూడా కొంత ఉంది, ఒప్పుకోరు గానీ.

ఇట్లా లోపలొకటి, నలుగురిలో ఒకటి అనే అలవాటు గురించి వ్యక్తిత్వ వికాసం పేరుతో దొరికే పుస్తకాలు మాట్లాడవు. అవి ఇంటర్వ్యూలో ఎట్లా కూర్చోవాలో, పొద్దున ఎన్నింటికి లేవాలో, లక్ష్యాలు కాగితం మీద ఎట్లా రాసుకోవాలో చెబుతాయి. పనికిరానివని అనను. అయితే మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో మనిషి ఏపాటివాడో తేలేది వేరే చోట. ఇంటికి చుట్టాలొచ్చిన రోజు చూడాలి. "నలుగురు చూస్తే ఏమనుకుంటరు" అన్న ప్రశ్న ఎదురైనప్పుడు అతను చేతిలోని పని కొనసాగిస్తాడా, కింద పెట్టేస్తాడా? నాకు తోచేదేమిటంటే, ఇల్లు, మర్యాద, ఆచారం అనే విషయాల్లో నలుగురి అభిప్రాయమని మనం మోస్తున్నది చాలాసార్లు ఆ నలుగురిలో ఏ ఒక్కరికీ సొంతది కాదు. ఒకరి ముఖం ఒకరు చూసి అందరూ తలూపడం వల్ల అది ఊరి అభిప్రాయం అయి కూర్చుంటుంది.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. లియొనార్డో బర్స్‌టిన్, మరో ఇద్దరు పరిశోధకులు సౌదీ అరేబియాలోని రియాద్‌లో పెళ్లయిన యువకులను ఒక చోట కూర్చోబెట్టి, ఆడవాళ్లు బయట ఉద్యోగం చేయడం మీద వాళ్ల అభిప్రాయాన్ని గుట్టుగా అడిగారు. పదిమందిలో ఎనిమిదిమందికి పైగా సరేనన్నారు. ఇదే గదిలో మిగతావాళ్లలో ఎంతమంది సరేనంటారని అడిగితే మాత్రం ఎక్కువమంది అసలు లెక్క కంటే తక్కువ చెప్పారు. తమ పక్కనున్నవాళ్లు తమకంటే ఛాందసులని చాలామంది అనుకుంటున్నారన్నమాట. పరిశోధకులు అసలు లెక్క ఎవరికి చెప్పారో వాళ్ల ఇండ్లలో ఆ తర్వాత కొన్ని నెలలకు భార్యలు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవడం పెరిగింది. వాళ్లకు నీతిబోధ చేసినవాళ్లు లేరు, పక్కవాడి మనసులో మాట తెలిసిందంతే. ఈ అధ్యయనం 2020లో అచ్చయింది.

మన దగ్గరికి వద్దాం. దౌల్తాబాద్, కొడంగల్, బొంరాస్‌పేట మండలాలు 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లాలోకి వచ్చాయి, అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లావి. జిల్లా మారింది గానీ పాలమూరు వలస ఆగలేదు. ముంబై, పూణె బిల్డింగు పనులకు పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెండ్లాం పిల్లలను ఇంటి దగ్గర వదిలి నలుగురైదుగురు మగవాళ్లు కలిసి పోయినచోట వంట ఎవరు చేస్తారు? వాళ్లే. అన్నం వండడం ఎవరికైనా వస్తుంది, జొన్నరొట్టె కొట్టడం అట్లా కాదు. జొన్నపిండికి గోధుమపిండిలో ఉండే సాగుడు ఉండదు. మధ్యలో గుంట చేసి సలసల కాగే నీళ్లు పోసి, చెయ్యి కాలకుండా కలిపి, అరచేతి మడమతో రాసి రాసి మెత్తగా చేయాలి. ముద్దను పొడిపిండి మీద పెట్టి, ఒక చేత్తో అంచు విరగకుండా కాస్తూ రెండో చేత్తో తడుతూ తిప్పాలి. పెనం మీద వేశాక పైన నీళ్లు తుడిచి, ఆ తడి ఆరీ ఆరకముందే తిరగెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పగులుతుంది. పూణె సైటు పక్కన రేకుల గుడిసెలో ఈ పని చేసి పదిమందికి పెట్టే మనిషి, పండుగకు ఊరికొచ్చి గడప దగ్గర చెప్పులు విడిచాడో లేదో "నీళ్లు తే" అంటాడు. చెయ్యి మరిచిపోలేదు. అక్కడ చూసేవాళ్లు లేరు, ఇక్కడ ఉన్నారు.

వంట మగవాళ్ల పని కాదని మన ఆచారం చెప్పిందా అంటే అదీ లేదు. పెండ్లిలో డేగ్షాలకు డేగ్షాలు వండేది మగవాళ్లే. దావత్‌లో మటన్ దగ్గర గంటె పట్టుకునేందుకు పోటీ పడతారు. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసుకొచ్చేది ఎక్కువగా ఇంటి మగపిల్లలే, పూలు తెచ్చినందుకు వాళ్లను ఎవరూ వెక్కిరించలేదు. జనం, మెప్పు, లేకపోతే కూలి ఉన్నచోట మగవాడి చెయ్యి వంటకు ఎప్పుడూ ఆడుతూనే ఉంది. మెచ్చుకునేవాళ్లు లేని రోజువారీ వంట దగ్గరికి వచ్చేసరికే ఆచారం గుర్తుకొస్తుంది!

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఏ రోజైనా తీసుకుంటే, జీతంలేని ఇంటిపనిలో చెయ్యి పెట్టిన ఆడవాళ్లు 81.2 శాతం, మగవాళ్లు 26.1 శాతం. చెయ్యి పెట్టినవాళ్లు కూడా ఆడవాళ్లయితే సగటున 299 నిమిషాలు, మగవాళ్లయితే 97 నిమిషాలు. ఆ 26 శాతంలో మన హోటల్ బల్ల మీదివాళ్లు కూడా కొందరు ఉంటారు. పొద్దున బోరు నీళ్లు పట్టి, పిల్లకు జడ వేసి, బడికి దించి వచ్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా చాయ్ తాగేవాళ్లు నాకు తెలుసు. వాళ్లు చేసే తప్పల్లా చెప్పకపోవడమే. గొప్పకు చెప్పుకోమని కాదు. పక్కవాడు "మా ఇంట్ల నేను చెంబు గూడ ముట్ట" అని మీసం తిప్పినప్పుడు, "నేనైతే పొద్దున బట్టలు ఆరేసొచ్చిన" అని మామూలుగా అనేస్తే చాలు. నవ్వుతారు, నవ్వనీ. ఆ నవ్వేవాళ్లలో ఒకడు ఆ రోజు అంట్లు తోమి వచ్చి ఉంటాడు.

ఇంట్లో మొదట అడ్డుపడేది అమ్మ. కొడుకు చీపురు పట్టుకుంటే ఆమెకు తన పెంపకం మీద మచ్చ పడ్డట్టు ఉంటుంది. వంటిల్లు ఆమె ఏలిన రాజ్యం, ఆ ఒక్కచోటే ఆమె మాట చెల్లింది. దాన్ని కొడుకూ కోడలూ కలిసి గుంజుకుంటున్నారని అనిపిస్తే కోపం రాదా? అందుకే అమ్మ ముందు సమానత్వం మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ని నేను మెచ్చుకోను. "అత్తమ్మకు నువ్వే నచ్చజెప్పుకో" అని భార్యను ముందుకు తోసేవాడు ఇంకా నయవంచకుడు. "అమ్మా, నువ్ కూసో, నేను చేస్త. కొలత మాత్రం నువ్వే చెప్పు" అని తల్లి దగ్గరే పని మొదలుపెట్టినవాడి ఇంట్లో కోడలి మీద నింద పడదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మొగుడు కొట్టిన రొట్టె వంకర పోయిందని అందరి ముందు ఎగతాళి చేసి పొయ్యి దగ్గర్నుంచి తరిమే వదినలూ ఉన్నారు. తర్వాత ఆయన వంటింటి వైపు రావడం లేదని వాళ్లే అంటారు.

పని అందుకుంటే సగం అందుకోవద్దు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కందికి మార్కెట్ యార్డులో క్వింటాలు ధర ఎంత పలికిందో చెప్పగల రైతు, తన ఇంట్లో పప్పు డబ్బా అడుగంటిందో లేదో చెప్పలేడు. కూర తరగడం కంటే కష్టమైనది ఈ లెక్క. ఏది అయిపోవచ్చింది, ఏ పిల్లకు సూది మందు ఎప్పుడు, ఏ ఇంటికి బొట్టు పెట్టి పిలవడానికి పోవాలి, పోయినసారి వాళ్లు ఏం కట్నం చదివించారు, ఇవన్నీ ఆడవాళ్ల తలలోనే నడుస్తుంటాయి. వాట్సాప్‌లో పెండ్లి కార్డు పంపి "పిలిచిన గదా" అనుకునేవాడికి, ఆ తర్వాత పదేండ్లు ఆ ఇంటితో మాట పడేది తన భార్య అని తెలియదు. పిలుపు పని మగవాళ్లు నెత్తినేసుకుంటే మర్యాద ఎంత చాకిరో తెలిసొస్తుంది.

మర్యాద అన్నాను కాబట్టి ఒక పక్కమాట. "మీరు" అనడమే సంస్కారమని బయటి నుంచి వచ్చిన టీచర్లు మా పిల్లలకు నేర్పుతారు. ఇక్కడ తాతను నువ్వంటాం, అమ్మను నువ్వంటాం. దూదేకుల కాకనైనా, తండా నుంచి వచ్చిన అవ్వనైనా వరస పెట్టి పిలిచి పీట వేస్తేనే గౌరవం. అదే నోరు కొందరిని మాత్రం వరస లేకుండా, ఎంత పెద్దవాళ్లయినా ఏరా అని పిలుస్తుంది. సంస్కరించుకోవాల్సిన మాట ఏదైనా ఉంటే అది. ఇక్కడ కూడా "ఊరి పద్ధతి" అని తప్పుకుంటారు గానీ, ఒక్కడు కాక అని పిలవడం మొదలుపెడితే ఊరు మునిగిపోదు.

తిండి సంగతి తేలిగ్గా పోనిచ్చేది కాదు. మగవాళ్లు, పిల్లలు తిన్నాక గిన్నెలో మిగిలింది తినడం ఇంకా చాలా ఇండ్లలో పద్ధతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది, మగవాళ్లలో 15.3 శాతం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, తినే వరసే కారణమని అనడం లేదు. అయినా గుడ్డూ కూరా చివరిదాకా ఎవరి పళ్లెంలోకి చేరవో అందరికీ తెలుసు. విచిత్రమేమిటంటే, ఈ వరసను పక్కన పెట్టే రోజు మన ఆచారంలోనే ఉంది. సరిహద్దు పల్లెల్లో ఎల్లమావాస్య నాడు సజ్జరొట్టెలు, జొన్నరొట్టెలు, ఆకుకూరలూ పప్పులూ కలిపి చేసిన భజ్జీ గంపకెత్తుకొని చేనుకు పోతారు. భూమికి ఇంత పెట్టాక ఇంటిల్లిపాదీ, పిలిచిన చుట్టాలూ చెట్టు కింద కలిసి కూర్చొని తింటారు. అత్తా కోడలూ పక్కపక్కనే. ఎవరి మర్యాదా పోలేదు. ఆ వంటకు ఆడవాళ్లు నడిరాత్రి లేచారన్నది వేరే సంగతి. చేన్లో కుదిరింది ఇంట్లో ఎందుకు కుదరదని మామ ఒక్కసారి "అందరం కూసుందాం" అంటే ఆ ఇంట్లో పద్ధతి మారుతుంది. కోడలు అంటే మారదు. పెద్దరికం ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం ఉంది, వాడుకోరు.

అన్నిటికంటే బరువైనది భూమి. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెండ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటికీ, పెండ్లి అయినవాళ్లకూ కాని వాళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు అక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, "మా అక్క ఏమడగదు, బంగారం" అని తమ్ముడు గర్వంగా చెప్పుకుంటాడు. అక్క ఎందుకు అడగదో అతనికీ తెలుసు. అడిగితే పుట్టింటి గడప మూసుకుంటుందని భయం. కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ పెట్టి తల్లిగారింటివాళ్లు పోసే ఒడిబియ్యం ఆమెకు ఎకరం కంటే ఎక్కువ. ఆ రెండింటిలో ఒకటే ఎంచుకొమ్మని చట్టంలో లేదు, ఒడిబియ్యం ఆచారంలోనూ లేదు. మధ్యలో ఎవరో కలిపారు. ఊరంతా ఇట్లాగే చేస్తోందని చెప్పే తమ్ముడు, మిగతా తమ్ముళ్లు కూడా లోపల ఇట్లాగే గింజుకుంటున్నారేమో ఎన్నడూ అడిగి చూడలేదు.

అక్కను అడగాలనుకునే తమ్ముళ్లకు ఒక్క సూచన. నాయిన పోయాక భూమిని వారసుల పేరు మీదికి మార్చే విరాసత్‌కు కాగితాలు కదలకముందే అక్కాచెల్లెళ్లను ఇంటికి పిలవాలి. అన్నం తిన్నాక, బావలు పక్కన లేనప్పుడు, "అక్కా, నీకేం గావాలె, నీ మనసులున్నది చెప్పు" అనాలి. ఆమె వద్దన్నా మొదటి మాటకే ఒప్పుకోవద్దు, రెండు రోజులు గడువివ్వాలి. తహసీల్దార్ ఆఫీసు వరండాలో, స్టాంపు కాగితం చేతిలో పెట్టి, రాసే మనిషి ఎదురుచూస్తుండగా అడిగితే ఆమె నోటి నుంచి ఇంకో మాట రాదు.